ఆకస్మిక ఉదరశూల – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

కడుపునొప్పి యెరుగని యిల్లు లేదు. తిన్నది అరుగనినాడు వాముకషాయము త్రాగి, ఒక పూట లంఖణము చేసి పడుకొనినచో సాధారణముగా ఆ బాధ తీరిపోవును. ఆ అలవాటు చేతనే మన పల్లెలలో కడుపునొప్పిని ఎవరును పెద్దగా లెక్కచేయరు. కాని కడుపునొప్పులన్నియు ఒక్క జాతివి కావు. పొట్టలోని అవయవమేదో, పైనుండి ఏ దెబ్బయు తగులకుండగనే, తనంతట తాను చిట్లిపోవుట వలన కలుగు నొప్పి వేరు. దానికి కషాయము మందు కాదు, శస్త్రచికిత్సయే మందు. దానికి గడువు రోజులు కాదు, గంటలు. ఈ రెండింటి భేదమును గ్రామమున మొట్టమొదట తెలిసికొనవలసినవారు పంచాయతీ సభ్యులని మా అభిప్రాయము. అర్ధరాత్రివేళ తలుపు తట్టి సాయమడుగువారు మీ యింటికే వత్తురు గదా!

శ్రీకాకుళము జిల్లా వజ్రపుకొత్తూరు మండలమున, సముద్రమునకు చేరువనున్న అక్కుపల్లి వంటి గ్రామమును తీసికొందము. ఉద్దానమందలి తక్కిన గ్రామములవలెనే అచ్చటి వారికి కొబ్బరి, జీడి తోటలును, సముద్రపు వేటయు జీవనాధారములు. ఇట్టి ఊరిలో కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపు ఒక నడివయస్కుని ఊహింపుడు. మోకాళ్ల నొప్పులకై అతడు నెలల తరబడి దుకాణమున కొన్న బిళ్లలు మ్రింగుచున్నాడు. ఒకనాటి రాత్రి బొడ్డునకు పైభాగమున కత్తితో పొడిచినట్లు నొప్పి పుట్టినది. వాయువు చేరినదని ఇంటివారు ఆముదము పోసిరి. ఇసుకమూటతో కాపడము పెట్టిరి. తెల్లవారుజామున ఒకరు వచ్చి సూది వేయగా నొప్పి తగ్గినట్లయినది. గండము గడచినదని అందరును ఊరట చెందిరి. మరునాటి సాయంకాలమునకు పొట్ట ఉబ్బి, నాడి సన్నగిల్లి, మనిషి మాటాడలేని స్థితికి వచ్చెను.

ఇది కల్పిత దృష్టాంతమే. కాని ఇందులోని ప్రతి యడుగును పల్లెలలో జరుగుచున్నదే. అతని జీర్ణాశయములోని పుండు పగిలి రంధ్రము పడినది. ఆ రాత్రియే ఆసుపత్రి చేర్చియుండినచో ఆ రంధ్రమును మూయుట వైద్యులకు నిత్యము అలవాటైన పని. ఒక పగలు గడచిన పిదప అదియే ప్రాణాపాయమైనది.

లోపల జరుగునది ఏమి?

మన ఉదరము మూసిన పెట్టె వంటిది. దాని లోపలి గోడలను, అందలి అవయవములను పెరిటోనియము అను నునుపైన పలుచని పొర కప్పియుండును. ఆ అవయవములు రెండు విధములు. జీర్ణాశయము, ప్రేవులు, పిత్తాశయము, మూత్రాశయము మొదలగునవి సంచులవలె, గొట్టములవలె బోలుగా నుండును. కాలేయము, ప్లీహము, మూత్రపిండములు గట్టివి. వీనినిండ రక్తము ప్రవహించుచుండును.

బోలు అవయవము చిట్లినచో దానిలోని ఆమ్లము, పిత్తము, మలము లేక చీము ఉదరకుహరములోనికి కారును. పెరిటోనియము పుండుపడినట్లు మండును. పొట్ట కండరములు బిగిసి బల్లచెక్కవలె గట్టిపడును. కొన్ని గంటలలో సూక్ష్మజీవులు పెరిగి, వాని విషము రక్తములో కలిసి, ఒక్కొక్క అవయవమే పనిచేయుట మానును.

గట్టి అవయవము గాని, రక్తనాళము గాని చిట్లినచో లోపల రక్తస్రావమగును. వయసు వచ్చిన మనిషి దేహమున సుమారు 5 లీటర్ల రక్తముండును. అందులో రెండు లీటర్లు పొట్టలోనికి కారిపోయినను పైకి ఒక్క బొట్టైనను కనుపింపదు. కాలు తెగినచో ఊరంతయు పరుగెత్తును. లోపల తెగినచో ఎవరికిని తెలియదు. ఈ రోగమునందలి మోసమంతయు ఇచ్చటనే యున్నది.

తనంతట తాను చిట్లుట యనగా నిష్కారణముగా చిట్లుట యని యర్థము కాదు. ఆరోగ్యముగానున్న అవయవము ఊరక పగులుట మిక్కిలి అరుదు. చెదలు తిన్న దూలము ఒకనాడు ఏ బరువును లేకుండగనే విరిగినట్లు, వ్యాధి చేత ముందే బలహీనపడిన అవయవము దగ్గినను, ముక్కినను, ఒక్కొక్కప్పుడు నిద్రలోనే యైనను చిట్లవచ్చును. కనుక ఆ చెదలెవ్వియో తెలిసికొనుట సగము రక్షణ.

చిట్లుటకు కారణములు

జీర్ణాశయపు పుండు: చాలాకాలము వరకు దీనికి కారము, చింత మాత్రమే కారణములని లోకము నమ్మినది. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో ఒక సూక్ష్మజీవిని పట్టి చూపిన పిదప ఈ నమ్మకము మారినది. వారికి 2005లో నోబెల్ బహుమానము లభించినది. ఈ సూక్ష్మజీవి వలన కలిగిన పుండు ఔషధములతో నయమగును. రెండవ ముఖ్యకారణము నొప్పి బిళ్లలు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి జీర్ణాశయపు గోడను కాపాడు జిగురుపొరను పలుచన చేయును. చుట్ట, బీడీ, సిగరెట్టు పొగ పుండును మానకుండ చేయును.

టైఫాయిడ్: కలుషితమైన నీటి వలనను, ఆహారము వలనను వచ్చు ఈ జ్వరము చిన్నప్రేవు చివరిభాగమున పుండ్లు పుట్టించును. సరియైన చికిత్స లేనిచో సామాన్యముగా మూడవ వారమున ఆ పుండు ప్రేవును తొలుచును. కొన్నినాళ్లుగా జ్వరముతో నున్న మనిషికి హఠాత్తుగా కడుపునొప్పి వచ్చినచో దీనిని మొదట అనుమానింపవలెను.

అపెండిక్సు: పెద్దప్రేవు మొదట వేలాడు ఈ చిన్నతోకలో వాపు పుట్టినచో నొప్పి బొడ్డువద్ద మొదలై, కుడివైపు క్రిందికి జారును. ఉపేక్షించినచో అది చిట్లును. చిట్లిన వెంటనే లోపలి ఒత్తిడి పోయి నొప్పి కొంతసేపు తగ్గినట్లుండును. ఆ తగ్గుదలను నమ్మరాదు. ఇంగ్లాండు రాజు ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకము 1902 జూన్ 26న జరుగవలసియుండెను. రెండు దినముల ముందు ఈ వ్యాధి ముదిరి చీముపట్టుటచే ఆయనకు శస్త్రచికిత్స చేయవలసివచ్చినది. ఉత్సవము ఆగస్టు 9వ తేదీకి మారినది. పట్టాభిషేకమే ఆగినప్పుడు మన పెండ్లి, పండుగ, కోత, వేట ఆగరాదా?

ప్లీహము: మలేరియా చలిజ్వరము మరల మరల వచ్చినచో ఎడమ డొక్కలోని ప్లీహము పెరుగును. కడుపులో బల్ల పెరిగినదని పల్లెలలో అనుట దీనినే. సహజముగా 150 గ్రాముల తూకముండు ఈ అవయవము అనేక రెట్లు పెరిగి, పొర పలుచబడి, తుమ్మినను దగ్గినను చిట్లు స్థితికి రావచ్చును. మలేరియా దోమద్వారా వ్యాపించునని రొనాల్డ్ రాస్ మన సికిందరాబాదులోనే 1897 ఆగస్టు 20న కనుగొనెను. కనుక దోమను నివారించుట ప్లీహమును కాపాడుట. మందస, మెళియాపుట్టి కొండప్రాంతములకు కూలికి పోయివచ్చువారికి చలిజ్వరము వచ్చినచో రక్తపరీక్ష తప్పక చేయింపవలెను.

కాలేయపు చీముగడ్డ: అమీబా అను సూక్ష్మజీవి ప్రేవులనుండి కాలేయమునకు ప్రాకి అచ్చట చీము పట్టించును. కల్లు, సారా విశేషముగా సేవించు పురుషులలో ఇది ఎక్కువ. కుడి డొక్కలో నొప్పి, జ్వరము దీని లక్షణములు. సకాలమున మందు వాడినచో కరగును; ఉపేక్షించినచో చిట్లి కడుపంతయు చీము నిండును.

గర్భాశయము వెలుపలి గర్భము: పిండము గర్భాశయమున గాక అండవాహిక యను సన్నని గొట్టమున నాటుకొనుట నూటికి ఒకటి రెండు గర్భములలో జరుగును. ఆరు మొదలు ఎనిమిది వారముల నాటికి ఆ గొట్టము పిండమును పట్టజాలక చిట్లును. కొంచెము సేపటిలోనే స్త్రీ తెల్లబడి సొమ్మసిల్లును. పూర్వము దీనికి మరణమే గతి. 1883లో ఇంగ్లాండునందలి బర్మింగ్‌హామ్ నగరమున లాసన్ టెయిట్ అను వైద్యుడు కడుపు కోసి, రక్తనాళమును కట్టి, ఒక స్త్రీని బ్రతికించెను. నేటికిని చికిత్స సూత్రమదియే.

ఈ విషయమున రెండు సంగతులు గట్టిగా చెప్పవలసియున్నవి. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొనిన స్త్రీకి గర్భము రాదని తలచి కొందరీ అనుమానమునే విడిచిపెట్టుదురు. ఆ శస్త్రచికిత్స అరుదుగా విఫలమగుట కలదు. విఫలమైనప్పుడు గర్భము గొట్టమున నిలుచు ప్రమాదము హెచ్చు. రెండవది, పెండ్లికాని పిల్లయో, భర్త దూరదేశమున నున్న యిల్లాలో, వితంతువో అయినచో అపవాదునకు వెరచి ఇంటివారు దాచుదురు. దాచిన ప్రతి గంటయు ఆమె రక్తమునే హరించును. పంచాయతీ పెద్దలు అట్టివేళ విచారణకు కూర్చుండరాదు. వాహనము తెప్పించుట ఒక్కటే వారి ధర్మము.

ఉద్దానమున ప్రత్యేకముగా గమనింపదగినవి

ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండవ్యాధి ఎన్ని కుటుంబములను కృశింపజేసినదో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఆ వ్యాధికి మూలకారణమింకను శాస్త్రజ్ఞులకు పూర్తిగా చిక్కలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. ఈ వ్యాధికిని మన విషయమునకును సంబంధము రెండు విధములు.

మొదటిది నొప్పి బిళ్ల. తోటపనిలో నడుము, జీడిపిక్కల పనిలో మోకాళ్లు, వేటలో భుజములు నొచ్చుట సహజము. ఆ నొప్పికి వాడు బిళ్ల జీర్ణాశయమును తొలుచును. ముందే క్షీణించిన మూత్రపిండమును మరింత క్షీణింపజేయును. ఒక్క బిళ్ల రెండు అవయవములకు శత్రువు. వైద్యుడు వ్రాయనిదే దీనిని దినదినము మ్రింగరాదని చాటింపు వేయించుట పంచాయతీకి ఖర్చు లేని పని.

రెండవది డయాలసిస్. చాలాకాలముగా చెడిన మూత్రపిండములలో నీటితిత్తులు పుట్టుట కలదు. అవి అప్పుడప్పుడు చిట్లి రక్తస్రావమగును. డయాలసిస్ వేళ రక్తము గడ్డకట్టకుండ మందిత్తురు గనుక ఆ స్రావము సులభముగా నిలువదు. అట్టి రోగికి ఒకవైపు డొక్కలో గాని నడుమున గాని హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, కళ్లు తిరుగుట, చెమట కనుపించినచో తరువాతి డయాలసిస్ తేదీ వరకు ఆగక అప్పుడే ఆసుపత్రికి పంపవలెను.

మరియొక సంగతి. చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగ అలవాటు మన తీరగ్రామముల వృద్ధస్త్రీలలో ఇంకను కలదు. నోటి పుండ్లను గూర్చి చాలమందికి తెలియును. ఏ రూపమున త్రాగినను పొగ, గుండెనుండి వచ్చు పెద్దధమనిని కడుపులో ఉబ్బి పగులునట్లు చేయగలదని తెలిసినవారు తక్కువ. అరువదియేండ్లు దాటిన పొగత్రాగువారికి హఠాత్తుగా కడుపులో, వెన్నులో నొప్పి వచ్చి పడిపోయినచో నిముషములే లెక్క.

గుర్తించుట ఎట్లు?

రోగమేదో తేల్చుట వైద్యుని పని. అపాయమని తెలిసికొనుట మన పని. క్రింది లక్షణములలో ఒక్కటి యున్నను ఆలస్యము చేయరాదు.

1. ఇప్పుడు, ఈ క్షణమున మొదలైనదని చెప్పగలిగినంత హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పి.
2. పొట్ట గట్టిపడి, వ్రేలు సోకినను ఓర్వలేకుండుట. ప్రేవు మెలికకు, రాతినొప్పికి రోగి పొర్లాడును. రంధ్రము పడినవాడు కదలినచో నొప్పి హెచ్చునని కదలక పడియుండును. అరవనివానికి నొప్పి లేదనుకొనరాదు.
3. ముఖము తెల్లబడుట, చల్లని చెమట, మిక్కిలి దప్పిక, వేగమైన సన్నని నాడి, కళ్లు తిరిగి పడుట. లోపలి రక్తస్రావమునకు ఇవి గుర్తులు. ఇందు పొట్ట మెత్తగానే యుండవచ్చును.
4. కడుపునొప్పితో కూడ భుజము కొనయందు నొప్పి.
5. పొట్ట ఉబ్బి, మలవాయువులు బంధించి, వాంతులగుట.
6. ముట్టు తప్పిన స్త్రీకి క్రిందికడుపున నొప్పి.

వృద్ధులలోను, మధుమేహ రోగులలోను, మూత్రపిండరోగులలోను నొప్పి తక్కువగా నుండియు అపాయము ఎక్కువగా నుండవచ్చును.

చేయరానివి, చేయవలసినవి

ఆముదము గాని, విరేచనపు మందు గాని ఇయ్యరాదు, ఎనిమా చేయరాదు. ప్రేవు కదలిన కొలది రంధ్రమునుండి మలము హెచ్చుగా కారును. పొట్టను పిసుకరాదు, మర్దన చేయరాదు. కాపడము పెట్టరాదు. వాతలు వేయుట నొప్పికి పుండు తోడుచేయుటయే. అన్నము, పాలు, కొబ్బరినీరు, సారా ఏదియు నోటికి ఇయ్యరాదు. మత్తు ఇచ్చునప్పుడు కడుపు నిండియుండుట అపాయము. దప్పికయన్నచో పెదవులు తడిపిన చాలును. ఆసుపత్రిలో వైద్యుడు పరీక్షించి నొప్పికి మందిచ్చుట న్యాయమే. ఊరిలో సూది వేయించి, నొప్పి తగ్గినదని ఇంట నుంచుకొనుట మాత్రము కూడదు. నొప్పి తగ్గుట వేరు. రంధ్రము మూసికొనుట వేరు.

రోగిని పడుకోబెట్టి, అతనికి సుఖమైన రీతిని మోకాళ్లు ముడిచి యుంచుడు. సొమ్మసిల్లినచో కాళ్లక్రింద తలగడ పెట్టుడు. నొప్పి మొదలైన గంటయు, ఇంతవరకు వాడిన మందుల పేర్లును కాగితముపై వ్రాసి తోడుగా పంపుడు. 108కి వెంటనే ఫోను చేయుడు. ఈ సేవ మన రాష్ట్రమున 2005 ఆగస్టు 15 నుండి నడచుచున్నది. ఎట్టి కారణముచేతనైనను బండి రానిచో దానికై కూర్చుండక గ్రామమందలి వాహనమున తీసికొనిపొండు.

గంట విలువ యెంతయో డెన్మార్కు వైద్యులు లెక్కించిరి. జీర్ణాశయపు పుండు పగిలినవారిలో, ఆసుపత్రి చేరిన పిదప శస్త్రచికిత్సకు జరిగిన ఒక్కొక్క గంట ఆలస్యమునకు బ్రతుకు అవకాశము నూటికి సుమారు 2.4 వంతులు తగ్గుచున్నదని 2013లో వారు ప్రకటించిరి. ఆసుపత్రి లోపలనే గంటకింత విలువ యున్నచో ఇంటివద్ద పోగొట్టు రాత్రికి విలువ కట్టగలమా?

పంచాయతీ చేయదగిన పనులు

1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలును చేర్చినది. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములతో సహా ఆరోగ్యము, పారిశుద్ధ్యము అను అంశము అందు 23వది. కనుక ఇది పంచాయతీకి సంబంధింపని విషయమని ఎవరును అనజాలరు. మేము సూచించు పనులు ఐదు.

ఒకటి: శస్త్రవైద్యుడు, మత్తు వైద్యుడు, రక్తనిధి రాత్రివేళ ఎచ్చట దొరకునో ముందే విచారించి వ్రాసియుంచవలెను. దగ్గరి ఆసుపత్రి యన్న మాట చాలదు. శస్త్రచికిత్స జరుగు దగ్గరి ఆసుపత్రి కావలెను. పలాస, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రులలో ఏ వేళ ఏ సదుపాయము కలదో సర్పంచి స్వయముగా పోయి అడిగి తెలిసికొనుట మంచిది. పలాసనుండి శ్రీకాకుళము 70 కిలోమీటర్లకు పైబడిన దూరము. శ్రీకాకుళమున ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో ఏర్పడినది. విశాఖపట్టణమందలి కింగ్ జార్జి ఆసుపత్రి 1923 నుండి ఉత్తరాంధ్రకు పెద్దదిక్కు. ఒడిశాలోని బరంపురమునందును వైద్య కళాశాల ఆసుపత్రి కలదు. ఒకచోటినుండి మరియొకచోటికి పంపబడుచు రాత్రి గడచిపోకుండ, ముందుగా ఫోనులో అడిగి బయలుదేరవలెను.

రెండు: రాత్రివేళ పిలిచిన వచ్చు మూడు వాహనముల యజమానుల ఫోను నెంబర్లు పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. ఖర్చుకు వెనుదీయు పేదకుటుంబమునకు ఆరోగ్యశ్రీ సంగతి చెప్పవలెను. ఈ పథకము 2007 ఏప్రిల్‌లో మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో శ్రీకాకుళమొకటి; ఇప్పుడది ఎన్.టి.ఆర్. వైద్య సేవ యను పేరుతో నడచుచున్నది. కార్డు వెదకుచు ప్రయాణమాపరాదు, తరువాత తేవచ్చును.

మూడు: రక్తమీయగల యువకుల పట్టికను, వారి రక్తవర్గములతో సహా తయారుచేయవలెను. చిట్లిన ప్లీహమునకు, అండవాహికకు శస్త్రమెంత అవసరమో రక్తమంత అవసరము.

నాలుగు: దారి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరమునే తాకినది. వేలకొలది కొబ్బరి, జీడి చెట్లు కూలి దారులు మూసికొనిపోయినవి. తుపాను రాత్రియని అపెండిక్సు చిట్లుట మానదు. రంపములు, గొడ్డళ్లు, త్రాళ్లు ఒకచోట నుంచి, ప్రధానమార్గము చేరువరకు దారి తెరచు బాధ్యతను ముందే కొందరు యువకులకు అప్పగింపవలెను. తుపాను హెచ్చరిక వచ్చిననాడే నిండుగర్భిణులను, డయాలసిస్ రోగులను పట్టణమునకు చేర్చుట ఉత్తమము.

ఐదు: మూలమును త్రుంచుట. మంచినీటి ట్యాంకులు క్రమముగా కడిగించి క్లోరిను కలిపించినచో టైఫాయిడును, అమీబాయు తగ్గును. నిలువనీరు తీసివేసినచో దోమ తగ్గును. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. సాయముతో ముట్టుతప్పిన స్త్రీలకు తొలివారములలోనే పరీక్ష చేయించినచో గొట్టములోని గర్భము చిట్లకమునుపే బయటపడును. ఈ విషయములను వచ్చు గ్రామసభలో ఒక పావుగంట చదివి వినిపింపుడు.

ఆలస్యము అమృతమును విషము చేయునని పెద్దల మాట. పొట్టలో ఏది చిట్లినదో గ్రామమున ఎవరును చెప్పజాలరు; చెప్పనక్కరయు లేదు. హఠాత్తుగా వచ్చి తగ్గని నొప్పి, గట్టిపడిన పొట్ట, తెల్లబడిన ముఖము, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనుపించినను రోగి తెల్లవారువరకు ఊరిలో నుండరాదు. ఈ ఒక్క నియమమును మీ పంచాయతీ మనఃపూర్వకముగా పాటించినచో, పలుచని పొరవెనుక జరుగు ఆపదనుండి కొందరి ప్రాణములైనను నిలుపవచ్చునని మా దృఢవిశ్వాసము.